బియాట్రిక్స్ ఫారండ్ తీర్చిదిద్దిన ఎస్టేట్ ఉద్యానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో తొలితరం ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులలో (తోటలకు, ఆరుబయటి స్థలాలకు రూపకల్పన చేసేవారిలో) ఒకరైన బియాట్రిక్స్ ఫారండ్ పేరు తెలుగు పాఠకులకు అంతగా పరిచితం కాదు. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ ఉద్యానాన్ని చూసి వచ్చినవారు, చూడాలనుకుంటున్నవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఆమె ఇతర తోటల గురించి కూడా అవసరమైన చోట చెప్పాను. అయితే ఎక్కువ భాగం డంబార్టన్ ఓక్స్ చుట్టూనే సాగుతుంది, ఎందుకంటే ఆమె ఆలోచన పూర్తిగా రూపం దాల్చి, నేటికీ నిలిచి ఉన్న చోటు అదే.

బియాట్రిక్స్ ఫారండ్ ఎవరు?

ఆమె 1872 జూన్ 19న న్యూయార్క్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో పుట్టారు. పుట్టింటి పేరు బియాట్రిక్స్ కాడ్వాలడర్ జోన్స్. నవలకు పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి మహిళ ఎడిత్ వార్టన్ ఆమెకు స్వయానా మేనత్త. ఆ మేనత్త, మేనకోడళ్లకు తోటలంటే సమానమైన ఇష్టం ఉండేది. మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో వార్టన్ కట్టుకున్న ఇంటికి లోపలికి వచ్చే దారినీ కూరగాయల తోటనూ 1901లో మేనకోడలే రూపొందించారు.

బియాట్రిక్స్ బాల్యంలో వేసవులు చాలావరకు మెయిన్ రాష్ట్రంలోని మౌంట్ డెజర్ట్ దీవిలో, బార్ హార్బర్ ఊరిలో సముద్రపు ఒడ్డున ఉన్న రీఫ్ పాయింట్ అనే ఇంట్లో గడిచాయి. ఆ ఇంటి కథ ఈ వ్యాసం చివర మళ్లీ వస్తుంది. 1913లో ఆమె యేల్ విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యుడు మాక్స్ ఫారండ్‌ను వివాహమాడారు. 1959 ఫిబ్రవరి 28న బార్ హార్బర్‌లోనే కన్నుమూశారు.

ఆ రోజుల్లో ఒక స్త్రీ ఈ వృత్తిని ఎక్కడ నేర్చుకోగలిగింది?

బడిలో కాదు. ఆమె నేర్చుకోవడం మొదలుపెట్టేనాటికి ఈ విద్యను చెప్పే కళాశాలే అమెరికాలో లేదు. 1900లో హార్వర్డ్‌లో ఆ కోర్సు మొదలైనప్పుడు అందులో పురుషులకు మాత్రమే ప్రవేశం దొరికింది. అందుచేత ఆమె గురువు దగ్గర ఉండి నేర్చుకునే పాత పద్ధతిలోనే చదువుకున్నారని చెప్పాలి. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరీటమ్ అనే వృక్షోద్యానానికి తొలి సంచాలకుడైన చార్లెస్ స్ప్రేగ్ సార్జెంట్ ఆమెను శిష్యురాలిగా చేర్చుకున్నారు. చెట్టును ఆకును బట్టీ, బెరడును బట్టీ, కొమ్మల తీరును బట్టీ గుర్తుపట్టడం, దేనికి ఏ నేల సరిపడుతుందో తెలుసుకోవడం, పొదను ఎప్పుడు కత్తిరించాలో గ్రహించడం ఆయన దగ్గరే అలవడ్డాయి.

నేలకు తగ్గట్టుగా నమూనా గీయాలే గాని, గీసిన నమూనా కోసం నేలను మెలిపెట్టకూడదన్న సలహా కూడా సార్జెంట్ ఇచ్చిందే. ఆమె దానిని జీవితాంతం తలుచుకున్నారు. డంబార్టన్ ఓక్స్ వాలులో నడిచినవారికి ఆ మాట విలువ అడుగడుగునా తెలుస్తుంది.

1895లో ఆమె తల్లితో కలిసి యూరప్ వెళ్లి ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ దేశాల తోటలను చూసి, ఒక్కొక్కదాని గురించీ రాసుకున్నారు. ఇంగ్లండ్‌లో గెర్ట్రూడ్ జీకిల్‌ను కలిశారు. ఏటేటా మళ్లీ మొలకెత్తే పూల మొక్కలను ఒక చిత్రకారిణి రంగులు పరిచినట్టుగా మడుల్లో అమర్చే జీకిల్ పద్ధతి ఆమెపై చెరగని ముద్ర వేసింది. తిరిగివచ్చాక న్యూయార్క్‌లోని తల్లి ఇంట్లోనే ఒక గదిని కార్యాలయంగా చేసుకుని వృత్తి ప్రారంభించారు.

ఆమెను తొలితరం ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అని ఎందుకు అంటారు?

అమెరికన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్ 1899 జనవరిలో న్యూయార్క్‌లో ఏర్పడింది. దాని పదకొండు మంది స్థాపక సభ్యులలో ఏకైక మహిళ ఆమే, అప్పటికి ఆమె వయసు 26 సంవత్సరాలు. న్యూయార్క్ సెంట్రల్ పార్కును రూపొందించిన ఫ్రెడరిక్ లా ఆల్మ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అనే ఇద్దరూ ఈ వృత్తికి ఆ పేరును 1860ల నుంచి వాడుతూ స్థిరపరచారు. సంఘం మాత్రం వారి తర్వాతి తరం వల్లే ఏర్పడింది.

ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఆమె తనను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అని పిలుచుకోవడానికి ఇష్టపడలేదు. ల్యాండ్‌స్కేప్ గార్డెనర్ అనే అనుకున్నారు. ఇది వినయంతో అన్న మాట అని కొందరు భావిస్తారు, కానీ నాకు అలా అనిపించదు. గోడలు కట్టి వెళ్లిపోయేవారికీ, తాను నాటిన మొక్క ఇరవై ఏళ్లకు ఎంత ఎదుగుతుందో లెక్కపెట్టుకునేవారికీ ఉన్న భేదాన్ని ఆమె ఆ పేరుతోనే చెప్పారు.

కంట్రీ ఎస్టేట్ అంటే సరిగ్గా ఏమిటి?

పంట మీద బతికే పొలం కాదు. నగరంలో వ్యాపారం, రైల్వేలు, బ్యాంకులు, పరిశ్రమల ద్వారా సంపాదించినవారు ఊరి బయట పదుల, వందల ఎకరాలు కొని, పెద్ద ఇల్లు కట్టుకుని, చుట్టూ తోటలు వేయించుకున్న చోటు. అమెరికాలో ఈ ధోరణి 1890ల నుంచి 1930ల వరకూ బలంగా సాగింది. 1913లో వచ్చిన ఆదాయపు పన్ను, 1929 తర్వాతి ఆర్థిక మాంద్యం, ఆపైన రెండో ప్రపంచ యుద్ధకాలంలో తోటపనికి మనుషులు దొరకకపోవడం దానిని క్రమంగా ముగించాయి. ఫారండ్ వృత్తిజీవితం దాదాపుగా ఆ కాలానికే సరిపోయింది. ఆమె వేసిన తోటల్లో చాలా భాగం నేడు కనిపించకపోవడానికి కూడా కారణం ఇదే.

డంబార్టన్ ఓక్స్ ఎక్కడుంది, దానికి ఆ పేరు ఎలా వచ్చింది?

వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్ ప్రాంతంలో, ఎత్తైన గట్టు మీద ఉంది. 1702లో నినియన్ బీల్ అనే స్కాట్లండ్ వ్యక్తికి దక్కిన భూమికి స్కాట్లండ్‌లోని డంబార్టన్ కొండ పేరు వచ్చింది. ప్రస్తుత ఇంటి మూలభాగం 1801 నాటిది. పందొమ్మిదో శతాబ్దంలో దానిని ఓక్స్ అని పిలిచేవారు. 1920లో రాబర్ట్ వుడ్స్ బ్లిస్, మిల్డ్రెడ్ బార్న్స్ బ్లిస్ దంపతులు కొన్నప్పుడు ఈ ఎస్టేట్ సుమారు 53 ఎకరాలు. పాత పేర్లు రెండింటినీ కలిపి 1933లో డంబార్టన్ ఓక్స్ అన్నది వారే. రాబర్ట్ దౌత్యవేత్త, స్వీడన్‌లోనూ అర్జెంటీనాలోనూ అమెరికా ప్రతినిధిగా పనిచేశారు. వారి సంపదలో ముఖ్యభాగం పిల్లలకు ఇచ్చే కాస్టోరియా అనే విరేచన మందు వ్యాపారం నుంచి మిల్డ్రెడ్ కుటుంబానికి వచ్చింది.

వారు కొన్నప్పుడు ఆ చోటు తోట కాదు. పశువుల కొట్టాలు, పాడుబడిన షెడ్లు, చెట్లు, ఉత్తరాన వాగులోకి దిగే ఏటవాలు నేల. 1921లో మిల్డ్రెడ్ ఫారండ్‌ను పిలిపించారు. 1922లో ఆమె రాసిన తొలి సుదీర్ఘ లేఖలోనే ఆ ఉద్యానపు స్థూలరూపం ఉంది. పని దాదాపు ముప్పై ఏళ్లు సాగింది.

ఈ ఉద్యానం వెనుక ఉన్న ప్రధాన ఆలోచన ఏమిటి?

ఒక్క వాక్యంలో చెప్పాలంటే, ఇంటికి దగ్గరగా ఉన్నంతవరకూ తోట ఇంటిలా ఉంటుంది, ఇంటికి దూరమైనకొద్దీ అడవిలా మారుతుంది.

ఇల్లు గట్టు పైభాగంలో ఉంది. దాని చెంతన వాలును మెట్లుమెట్లుగా మలిచి వేసిన మిద్దెతోటల్లో (ఇంటి పైకప్పు మీది తోటలు కావు) ఇటుక, రాయి, మెట్లు, రాతికుండీలు, కత్తిరించిన పచ్చని కంచెలు నేరుగా గీసిన గీతల్లా ఉంటాయి. తూర్పు వైపు నడుస్తూ దిగేకొద్దీ మిద్దె తర్వాత మిద్దె వస్తుంది. ప్రతి మిద్దెలోనూ గీతల బిగువు కాస్త సడలుతుంది. ఉత్తరం వైపు వాలు చేరాక కత్తిరింపులు ఉండవు, పొదలు గుంపులుగా పరుచుకుంటాయి, పండ్ల చెట్లు గడ్డి మధ్య నిలుస్తాయి. అట్టడుగున వాగు ఒడ్డున తనంతట తాను పెరిగినట్టు కనిపించే అడవి ఉంటుంది. నిజానికి ఆ అడవి కూడా ఆమె రూపొందించినదే. వాగుకు అడ్డంగా చిన్న చిన్న రాతికట్టలు, రాతి వంతెనలు కట్టించి, నీటి చప్పుడు ఎక్కడ వినపడాలో కూడా ఆమె నిర్ణయించారు.

ఏ చోట ఏ భాగం ముగిసి ఏది మొదలైందో నడిచేవారికి తెలియకపోవడంలోనే ఆమె నేర్పు ఉంది. నేలను చదును చేసి ఒకే పెద్ద మైదానంగా మార్చడం సులభం. ఫ్రాన్స్‌లోని రాజోద్యానాల పద్ధతి అదే. ఆమె ఆ వాలును అలాగే ఉంచి, ఎక్కడికక్కడ కాస్త మలిచి, మెట్ల వరుసలతో కలిపారు. మెట్ల ఎత్తు, వెడల్పు ఎంత ఉండాలో, ఎన్ని మెట్ల తర్వాత ఆగి ఊపిరి తీసుకోవడానికి విశాలమైన మెట్టు ఉండాలో లేఖల్లో వివరంగా చర్చించారు.

రెండో ఆలోచన శీతకాలానికి సంబంధించినది. బ్లిస్ దంపతులు వాషింగ్టన్‌లో ఎక్కువగా ఉండేది వసంతం, శరత్తు, శీతకాలాల్లో. అందుకని ఆకులు రాలిపోయిన నెలల్లో కూడా తోట తన ఆకారం కోల్పోకూడదని ఆమె పట్టుపట్టారు. బాక్స్‌వుడ్ వంటి నిత్యహరిత పొదలను అస్థిపంజరంగా వేసి, పువ్వులను దాని మీద కండగా పెట్టారు.

తప్పక చూడవలసిన భాగాలు ఏవి?

సమయం తక్కువ ఉన్నవారికి నేను నాలుగు చెబుతాను.

గులాబీ తోట మిద్దెలన్నింటిలోకీ పెద్దది. వందల గులాబీ మొక్కలు మడుల్లో ఉంటాయి గాని, ఫారండ్ దృష్టిలో గులాబీలది రెండో స్థానం. ఆ తోటను పట్టి నిలిపేవి బాక్స్‌వుడ్ పొదలు, ఎత్తైన రాతిగోడ. బ్లిస్ దంపతులకు అన్నిటికంటే ప్రియమైన భాగం ఇదే కావడంతో ఇద్దరి చితాభస్మాన్నీ ఇక్కడే ఉంచారు. రాబర్ట్ 1962లో, మిల్డ్రెడ్ 1969లో మరణించారు. జూన్ మొదట్లో ఆ గోడ దగ్గర నిలబడితే, మనుషులు తమ చివరి చోటుగా ఒక తోటను ఎందుకు ఎంచుకుంటారో అర్థమవుతుంది.

బీచ్ టెర్రస్ ఒక్క చెట్టు కోసం కట్టిన ఆరుబయటి గది. బీచ్ అంటే ఇక్కడ సముద్రపు ఒడ్డు కాదు, ఒక చెట్టు జాతి. వెండిరంగు బెరడు, నేలపైకి తేలిన వేర్లు, గొడుగులాంటి కొమ్మలు. ఆ చెట్టుకు పోటీగా అక్కడ మరేదీ పెట్టలేదు. మొదట ఉన్న ఊదారంగు ఆకుల బీచ్ పోయిన తర్వాత అమెరికన్ బీచ్‌ను నాటారు.

లవర్స్ లేన్ కొలను ఉద్యానపు తూర్పు అంచున, పల్లంలో ఉంటుంది. రోమ్ నగరంలో కవుల సభ కోసం కట్టిన ఒక చిన్న బహిరంగ రంగస్థలం దీనికి ప్రేరణ. కొలను చుట్టూ అర్ధవలయంగా ఇటుక ఆసనాలు ఎక్కుతూ పోతాయి. పక్కనున్న పాత నడకదారి పేరే కొలనుకు వచ్చింది.

ఇక ఫోర్సిథియా లోయ. దాదాపు ఎకరం నేల మీద ఒకే రకం పొద. మార్చిలో ఆకు రాకముందే లోయ మొత్తం పసుపుమయం అవుతుంది. ఏడాదిలో మిగతా రోజుల్లో అది పచ్చని పొదల గుట్ట మాత్రమే. రెండు మూడు వారాల వైభవం కోసం ఎకరం నేలను కేటాయించే ధైర్యం ఆమెకు ఉండేదన్నమాట.

వీటితోపాటు 1810లో కట్టిన గాజు కిటికీల మొక్కల మందిరాన్ని కూడా చూడండి. లోపలి గోడలంతా అల్లుకున్న పాకుడు మర్రి జాతి తీగ అమెరికా అంతర్యుద్ధానికి ముందు నాటినది.

యజమానులు విదేశాల్లో ఉండగా ఇంత పని ఎలా నడిచింది?

ఉత్తరాల ద్వారా. 1923 నుంచి 1933 వరకూ బ్లిస్ దంపతులు స్వీడన్‌లో, తర్వాత అర్జెంటీనాలో ఉన్నారు. ఫారండ్ నమూనాలు, ఫోటోలు, మొక్కల జాబితాలు, ఖర్చుల వివరాలు పంపేవారు. మిల్డ్రెడ్ తన అభిప్రాయాలు తిరిగి రాసేవారు. అంతకంటే ఆసక్తికరమైనది వారి నిర్ణయ పద్ధతి. ఒక రాతికుండీ గాని, గేటు గాని, గోడపై శిల్పం గాని చేయించేముందు, అదే కొలతల్లో చెక్కతోనో అట్టతోనో నకలు చేయించి అసలు చోటులో నిలబెట్టేవారు. వేర్వేరు వెలుగుల్లో చూసి, కొలతలు సరిచేసుకుని, అప్పుడు రాయిని ముట్టేవారు. కాగితం మీద అందంగా కనిపించిన వస్తువు ఆరుబయట ఆకాశం కింద చిన్నబోతుందని ఆమెకు తెలుసు.

మిల్డ్రెడ్ కేవలం డబ్బు ఇచ్చిన యజమానురాలు కాదు. ఈ ఉద్యానం ఇద్దరు స్త్రీల ఉమ్మడి సృష్టి అని చెప్పడమే న్యాయం.

ఫారండ్ రాసిన మొక్కల పుస్తకం గురించి చెబుతారా?

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్లిస్ దంపతులు 1940లో డంబార్టన్ ఓక్స్‌ను హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. తోట ఒక కుటుంబం చేతిలోంచి సంస్థ చేతిలోకి పోతున్నప్పుడు దానికి ఏమవుతుందో ఫారండ్‌కు తెలుసు: మనుషులు మారతారు, బడ్జెట్ తగ్గుతుంది, చెట్లు పడిపోతాయి, ఎవరికి తోచినది వారు నాటుతారు. అందుకని 1941 ప్రాంతంలో ఆమె ఉద్యానంలోని ప్రతి భాగానికీ విడివిడిగా ఒక సూచనల గ్రంథం రాశారు. అది అచ్చుగా వచ్చింది మాత్రం 1980లో, ఆమె మరణించిన ఇరవై ఏళ్లకు.

ఆ రచనలో మొక్కల జాబితా ఉంది. కాని అది అంతటితో ఆగదు. ఈ మొక్క ఇక్కడ ఎందుకు ఉంది, ఏ చూపును ఆపడానికి లేదా ఏ చూపును నడిపించడానికి ఉంది, ఎంత ఎత్తుకు మించి పెరిగితే ఆ చోటు నిష్పత్తి చెడుతుంది, అది చచ్చిపోతే బదులు ఏది నాటవచ్చు, ఖర్చు తగ్గించవలసి వస్తే దేనిని వదులుకోవచ్చు, దేనిని ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోకూడదు అన్న వివరణలున్నాయి. అంటే మొక్క పోయినా ఆ మొక్క చేస్తున్న పని పోకూడదన్నది ఆమె ఉద్దేశం.

నా దృష్టిలో ఫారండ్ గొప్పతనం ఇక్కడే ఉంది. భవనాన్ని కట్టినవాడు తాళం చేతికిచ్చిన రోజున దాని రూపం పూర్తవుతుంది. తోట అలా కాదు. నాటిన రోజున తోట చిన్న మొక్కలూ ఖాళీ మట్టీ మాత్రమే; ముప్పై ఏళ్లకు నిండుతుంది; అరవై ఏళ్లకు మితిమీరుతుంది. కత్తెర పట్టుకున్న మనిషి ప్రతి ఏడూ దానిని మళ్లీ రూపొందిస్తూ ఉంటాడు. ఆ మనిషికి మార్గం చూపకుండా నమూనా మాత్రమే గీసి వెళ్లడం సగం పని అని ఆమె నమ్మారు. తోటను గీసినవారు ఎందరో ఉన్నారు గాని, పోషణను రూపకల్పనలో భాగంగా ఇంత శ్రద్ధగా రాసిపెట్టినవారు అరుదు.

ఇప్పుడు మనం చూసేదంతా ఆమె వేసినదేనా?

కాదు, అలా అనుకోవడం పొరపాటు. వృత్తాకారం కాస్త సాగదీసినట్టున్న ఎలిప్స్ అనే భాగం ఆమె కాలంలో బాక్స్‌వుడ్ పొదలతో ఉండేది. అవి క్షీణించడంతో 1958లో ఆల్డెన్ హాప్కిన్స్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ వాటి స్థానంలో అమెరికన్ హార్న్‌బీమ్ చెట్లను రెండు వరుసల్లో నాటించారు. బోదెలు ఖాళీగా, పైభాగం గోడలా కత్తిరించి ఉంచే ఆ వలయం ఇప్పుడు ఎంతో పేరు పొందింది. టెన్నిస్ కోర్టు ఉన్న చోట 1960 ప్రాంతంలో గులకరాళ్ల తోట వచ్చింది. దానిని రూపొందించిన రూత్ హేవీ, ఒకప్పుడు ఫారండ్ కార్యాలయంలో సహాయకురాలు. మెక్సికో నుంచి తెప్పించిన రాళ్లతో అందులో గోధుమ పన ఆకారం పరిచారు. బ్లిస్ కుటుంబ చిహ్నం అది. విత్తినదే కోస్తావు అన్న లాటిన్ సూక్తి వారి కుటుంబ నినాదం.

నిజం చెప్పాలంటే గులకరాళ్ల తోట ఎంత అందంగా ఉన్నా నాకు ఫారండ్ స్వరంలా వినిపించదు. అందులో అలంకారం ఎక్కువ. హార్న్‌బీమ్ వలయం మాత్రం ఆమె ఆమోదించి ఉండేవారేమోననిపిస్తుంది.

హార్వర్డ్‌కు ఇచ్చాక భూమి మొత్తం కలిసే ఉందా?

లేదు. 53 ఎకరాలు మూడు భాగాలయ్యాయి. ఇల్లు, మిద్దెతోటలు ఉన్న 16 ఎకరాలు హార్వర్డ్‌కు దక్కాయి. వాగు ఒడ్డునున్న 27 ఎకరాల అడవి భాగాన్ని జాతీయ ఉద్యానాల శాఖకు ఇచ్చారు. దానినే డంబార్టన్ ఓక్స్ పార్క్ అంటారు. సుమారు 10 ఎకరాలు డెన్మార్క్ రాయబార కార్యాలయానికి వెళ్లాయి.

ఈ విభజన ఫారండ్ ఆలోచనకు తగిలిన పెద్ద దెబ్బ. మిద్దె నుంచి అడవి దాకా ఒకే ధారగా దిగవలసిన తోట మధ్యలో కంచె వచ్చింది. కింది భాగంలోకి నగరపు వాననీరు ఉధృతంగా చేరి గట్లను కోసేసింది, బయటి నుంచి వచ్చిన తీగజాతులు చెట్లను కప్పేశాయి. 2010 నుంచి ఒక పరిరక్షణ సంస్థ జాతీయ ఉద్యానాల శాఖతో కలిసి ఆ భాగాన్ని బాగుచేస్తోంది.

ఐక్యరాజ్యసమితికీ ఈ ఇంటికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. 1944 ఆగస్టు నుంచి అక్టోబరు వరకూ అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్, చైనా ప్రతినిధులు ఇక్కడ సమావేశమై చర్చించిన ప్రతిపాదనలే తర్వాత ఐక్యరాజ్యసమితి నిబంధనావళికి పునాది అయ్యాయి.

ఈ తోటలను కట్టిన, పెంచిన చేతులు ఎవరివి?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ, కాని అడగవలసిన ప్రశ్న. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఎస్టేటులో నివసించిన వారిలో బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన రాజకీయ నాయకుడు జాన్ సి. కాల్హూన్ ఒకరు. వాషింగ్టన్ నగరంలో బానిసత్వం రద్దయింది 1862లో. అంతకుముందు ఇలాంటి ఇళ్లలో, తోటల్లో పనిచేసినవారిలో బానిసలు ఉన్నారన్నది మరచిపోకూడదు. ఫారండ్ కాలంలో తోటమాలులు, తాపీమేస్త్రీలు, కమ్మరులు జీతానికి పనిచేశారు. ఆమె లేఖల్లో వారి నైపుణ్యం పట్ల గౌరవం కనిపిస్తుంది. అయినా తోటకు రూపం ఇచ్చినవారి పేరు నిలిచినట్టు, ప్రతి శీతకాలంలో బాక్స్‌వుడ్ మీద మంచు దులిపినవారి పేర్లు నిలవలేదు.

ఆమె వేసిన ఇతర ఎస్టేట్ తోటలు ఏవి మిగిలాయి?

న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్కులో బెల్‌ఫీల్డ్ అనే ఇంటికి ఆమె 1912లో గోడల తోట వేశారు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఇంటికి ఇది పక్కనే. ఇంటి నుంచి దూరమైనకొద్దీ తోట గదుల వెడల్పు తగ్గుతూ పోవడం వల్ల ఉన్నదానికన్నా పొడవుగా కనిపిస్తుంది. దశాబ్దాల నిర్లక్ష్యం తర్వాత 1990లలో స్వచ్ఛంద కార్యకర్తలు దానిని పునరుద్ధరించారు.

కనెక్టికట్‌లోని ఫార్మింగ్టన్‌లో హిల్-స్టెడ్ పల్లపు తోటను యుద్ధకాలంలో మనుషులు లేక గడ్డి మైదానంగా మార్చేశారు. 1980లలో, కాలిఫోర్నియాలో భద్రంగా ఉన్న ఫారండ్ నమూనాను తెచ్చుకుని ఆ తోటను మళ్లీ వేశారు. కాగితం బతికి ఉంటే తోటకు పునర్జన్మ ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మెయిన్‌లోని సీల్ హార్బర్‌లో ఆబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెలర్ కోసం 1926 నుంచి 1930 మధ్య వేసిన తోట విశిష్టమైనది. రాక్‌ఫెలర్ దంపతులు 1921లో చైనా వెళ్లివచ్చారు. ఆ ప్రభావంతో తోట చుట్టూ గులాబీరంగు గోడ కట్టి, దాని మీద బీజింగ్ నుంచి తెప్పించిన పసుపు పెంకులు కప్పించారు. గుండ్రని చంద్రద్వారం, చెట్ల నీడలో కొరియా రాతి విగ్రహాల వరుస, లోపల జీకిల్ పద్ధతిలో పూల మడులు ఉంటాయి. విని ఊహించుకుంటే పొసగనివిగా అనిపించవచ్చు. కాని నాచు, నీడ రెంటినీ కలిపేస్తాయి. వేసవిలో మాత్రమే, ముందుగా సమయం కేటాయించుకున్నవారికే ప్రవేశం ఉంటుంది.

భారతదేశంతో ఆమె పనికి ఏదైనా సంబంధం ఉందా?

ఆమె భారతీయ తోటలేవీ వేయలేదు. అయితే ఒక పరోక్ష బంధం ఉంది. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో డార్టింగ్టన్ హాల్ అనే మధ్యయుగపు ఎస్టేటుకు 1933 నుంచి యుద్ధం ముంచుకొచ్చేవరకూ ఆమె పనిచేశారు. దాని యజమానులు లెనార్డ్, డొరొతీ ఎల్మ్‌హర్స్ట్. ఈ లెనార్డ్ ఎల్మ్‌హర్స్టే 1922లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానం మీద శాంతినికేతన్ పక్కనున్న సురుల్‌లో గ్రామ పునర్నిర్మాణ కేంద్రాన్ని నడిపిన వ్యవసాయ నిపుణుడు. అదే తర్వాత శ్రీనికేతన్ అయింది. అక్కడి అనుభవం, ఠాగూర్ ప్రోత్సాహం వల్లే 1925లో ఆ దంపతులు పాడుబడిన డార్టింగ్టన్‌ను కొని, వ్యవసాయం, విద్య, కళలు కలిసిన ప్రయోగంగా మార్చారు. అక్కడి మధ్య ప్రాంగణాన్ని, అడవిలోని నడకదారులను తీర్చిదిద్దింది ఫారండ్. శ్రీనికేతన్ గురించి చదివిన తెలుగువారు ఎందరో ఉన్నారు; ఆ కథకు ఇంగ్లండ్ కొసన ఈ తోట ఉందని తెలిసినవారు కొద్దిమందే.

డంబార్టన్ ఓక్స్ చూడటానికి ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

ఉద్యానద్వారం ఆర్ వీధి, 31వ వీధి కలిసే చోట ఉంది. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. మార్చి మధ్య నుంచి అక్టోబరు చివరి వరకూ టికెట్ ఉంటుంది, శీతకాలంలో ఉచితం. వేళలు మారవచ్చు కాబట్టి వెళ్లేముందు సంస్థ వారి వెబ్‌సైటులో చూసుకోవాలి. కింది అడవి పార్కుకు ఇక్కడి నుంచి లోపలి దారి లేదు. బయటకు వచ్చి లవర్స్ లేన్ దారిన దిగాలి.

మార్చిలో ఫోర్సిథియా, మార్చి చివర చెర్రీ పూలు, ఏప్రిల్, మే నెలల్లో విస్టీరియా, ఆపైన గులాబీలు, అక్టోబరులో చేమంతులు. వర్జీనియా, మేరీలాండ్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను సాధారణంగా ఎండాకాలంలో తీసుకువెళుతుంటాయి. ఆ నెలల్లో వేడి, ఉక్కపోత ఎక్కువ, మెట్లు చాలా, కొన్ని ఏటవాలుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవారితో వెళ్లేవారు ఇంటి చుట్టూ ఉన్న పై మిద్దెలు, మొక్కల మందిరం, బీచ్ టెర్రస్ వరకూ చూపించి, కింది భాగాలను వదిలేయడం మంచిది. నా మటుకు నేను ఒక్కసారే వెళ్లగలిగితే ఫిబ్రవరినే ఎంచుకుంటాను. పువ్వు ఒక్కటి లేకపోయినా తోట నిలబడి ఉండటం అప్పుడే కనిపిస్తుంది.

ఆమె సొంత తోట ఏమైంది?

రీఫ్ పాయింట్‌ను ఆమె, ఆమె భర్త కలిసి విద్యార్థులకు ఉపయోగపడే ఉద్యాన కేంద్రంగా మార్చాలనుకున్నారు. గ్రంథాలయం, ఎండబెట్టిన మొక్కల నమూనాలు, 1948లో ఆమె కొని కాపాడిన గెర్ట్రూడ్ జీకిల్ చిత్రపటాల సంగ్రహం అన్నీ అక్కడ చేర్చారు. కాని 1945లో మాక్స్ మరణించారు. 1947లో చెలరేగిన కార్చిచ్చు ఆ దీవిలో ఎన్నో ఎస్టేట్లను బూడిద చేసింది. ఊరికి పన్నుల రాబడి తగ్గింది, రీఫ్ పాయింట్‌కు పన్ను మినహాయింపు దొరకలేదు. తన తర్వాత దానిని సరిగా పోషించేవారు ఉంటారన్న నమ్మకం ఆమెకు కలగలేదు.

1955లో, ఎనభై మూడో ఏట, ఆమె ఆ తోటను తానే విప్పేయించారు. ఇంటిని పడగొట్టించారు. గ్రంథాలయాన్ని, ఎండిన మొక్కల నమూనాలను, తాను గీసిన తోటల నమూనాలను, జీకిల్ కాగితాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీకి ఇచ్చారు. హిల్-స్టెడ్‌కు పునర్జన్మ ఇచ్చిన నమూనా దొరికింది ఆ భాండాగారంలోనే. అజేలియాలు, అరుదైన పొదలు పక్క ఊరు నార్త్ఈస్ట్ హార్బర్‌కు తరలి, జాన్ డి. రాక్‌ఫెలర్ జూనియర్ ఆర్థిక సహాయంతో అస్టికూ, థూయా అనే రెండు తోటలయ్యాయి. ఆ రెండూ నేడు ప్రజలందరికీ తెరిచి ఉన్నాయి.

ఈ నిర్ణయాన్ని నిర్దయ అన్నవారున్నారు. పోషణ లేని తోట కళ్లముందే పిచ్చిమొక్కల పాలవడం కంటే, బతికున్న మొక్కలు బతికే చోటికి వెళ్లడం మేలని ఆమె ఎంచుకున్నారని నేను అనుకుంటాను. ఇష్టమైన కొన్ని మొక్కలను వెంట తెచ్చుకుని, బార్ హార్బర్ దగ్గరే గార్లండ్ ఫార్మ్ అనే పాత రైతు ఇంటికి మూడు గదులు జతచేయించుకుని, కిటికీల ముందు చిన్న చిన్న మడుల్లో వాటిని నాటించారు. డంబార్టన్ ఓక్స్ మిద్దెలలో ఒకదాని పాటి కూడా లేని ఆ తోటను ఇప్పుడు ఆమె పేరిట ఏర్పడిన సంఘం చూసుకుంటోంది.